బీట్‌రూట్ మడిలో ఇద్దరు

సాయంత్రం అందరూ ఇళ్ళకు వెళ్ళిపోయాక కొత్తమ్మాయి బీట్‌రూట్ మడి గట్టున గొంతుక్కూర్చుని, టైలర్ తాతయ్య పొద్దున పీకిపెట్టిన కుప్పను ముందేసుకుంది. కుప్ప అంటే ఆయన నొచ్చుకుంటాడు. కలుపు తీసినా బట్టలు మడతపెట్టినట్టే తీస్తాడాయన. వేళ్ళన్నీ ఒకవైపు, ఆకులన్నీ ఒకవైపు, పిడికెడేసి కట్టలుగా గట్టు పొడవునా పేర్చిపెడతాడు. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. వచ్చిన చిక్కల్లా ఒకటే. ఆ కట్టల్లో సగం కలుపు, సగం బీట్‌రూట్ మొలకలు.

వాటిని ఆమె విడదీయాలి. బతికున్న మొలకల్ని ఏరి, ఖాళీ పడిన చోటల్లా వేలితో గుంట చేసి, నిలబెట్టి, మట్టి అదిమి, చెంబుతో నీళ్ళు పోయాలి. మధ్యాహ్నం ఎండకు అవి వాడిపోకుండా మేనేజరక్క వేరే పనిమీద అటు వెళుతున్నట్టు వెళ్ళి, కట్టల మీద ఓ మగ్గు నీళ్ళు చల్లి వస్తుంది. ఇదంతా తాతయ్యకు తెలియకూడదు. చేరిన కొత్తలోనే అక్క ఈ పని అప్పజెప్పి, "ఇది కూడా ట్రైనింగే అనుకో," అంది.

"ఇదేం ట్రైనింగక్కా? ఆయన పీకడం, నేను నాటడం!"

"పీకేసిన దాన్ని బతికించడం వచ్చిందంటే ఇంకేం రావాలే నీకు?" అనేసి అక్క పైపు చుట్టుకుంటూ వెళ్ళిపోయింది. అక్కతో వాదించి గెలిచినవాళ్ళు ఆ తోటలో లేరు.

తోట పెద్దదేం కాదు. మూతపడ్డ పరుపుల ఫ్యాక్టరీ వెనక, అపార్ట్‌మెంట్లకూ రైలు పట్టాలకూ మధ్య మిగిలిపోయిన నేల. చుట్టుపక్కల వీధుల వాళ్ళంతా కలిసి దాన్ని బాగుచేసి కూరగాయలు పండించుకుంటున్నారు. వీలు చిక్కినప్పుడు వచ్చి పనిచేస్తారు, శనివారం వచ్చి ఎవరి బుట్ట వాళ్ళు పట్టుకెళతారు. రోజంతా ఉండి చూసుకునేది మేనేజరక్క. ఆమె కింద సీజన్‌కి ఒకరు ఇంటర్న్‌గా చేరతారు. ఈసారి చేరింది ఈ పిల్ల. మొదటిరోజు ఎవరో "కొత్తమ్మాయీ" అని పిలిచారు, అదే ఖాయమైపోయింది. ఇప్పుడు నారు షెడ్డులో ఏ ట్రేలో ఏముందో కళ్ళు మూసుకుని చెప్పగలదు, అయినా కొత్తమ్మాయే.

ఆ షెడ్డు మీదే ఆమె ప్రాణమంతా. ఆదివారం సభ్యుల మీటింగు ఉంది. ట్రైనింగ్ పూర్తయిందని చెప్పి, నారు షెడ్డు ఆమెకు అప్పగించమని అక్క అడగబోతోంది. అందరూ సరేనంటే ఇక ట్రైనీ కాదు, తోట మనిషే. కాదంటే మళ్ళీ ఆ కస్టమర్ కేర్ ఆఫీసు, చెవులకు హెడ్‌ఫోన్లు, ముక్కూమొహం తెలియనివాళ్ళ తిట్లు.

షెడ్డు చేతికొస్తే సాయంత్రాలు ఈ మడి ముందు కూర్చోవలసిన పని కూడా తప్పుతుంది. తాతయ్య అంటే ఆమెకు కోపం లేదు. కానీ పొద్దు వాలాక నడుం విరుచుకుంటూ, పొద్దున లేని పనిని ఆయన పుట్టించిపోయాడని తలుచుకున్నప్పుడు మాత్రం ఒళ్ళు మండుతుంది. దానికి తోడు ఈ మడి తీరే అర్థం కావడం లేదు. ఒక మొలక నాటిన చోట వారం తిరిగేసరికి గుంపుగా లేస్తున్నాయి. మిగతా వరసలు బాగానే ఉంటాయి, తను సర్దిన చోటే కిక్కిరిసిపోతాయి.

"నీ చేతి చలవ," అని అక్క ఎగతాళి చేసింది. "ఒకటి నాటితే నాలుగు లేస్తున్నాయి."

*

మర్నాడు పొద్దున టమాటా తీగలు కట్టే పని. కర్ర పాతి, కాడ చుట్టూ తాడు వదులుగా తిప్పి, కర్రకు మాత్రం గట్టిగా ముడి వేయాలి. మొదట్లో ఆమె రెండువైపులా గట్టిగా బిగించేసేది, కాడలు నలిగిపోయేవి. ఇప్పుడు చూడకుండానే చేతులు వాటంతటవే తిరుగుతున్నాయి. అరచేతుల్లో కాయలు కాచాయి. గోళ్ళ సందుల్లో మట్టి ఎంత తోమినా పోదు, తోమడం కూడా మానేసింది. ఆఫీసులో ఉన్నప్పుడు మధ్యాహ్నానికి ఎన్నిసార్లు గడియారం చూసేదో లెక్కలేదు. ఇక్కడ ఆకలేసినప్పుడు గానీ పొద్దెక్కిందని తెలియదు.

అన్నిటికంటే ఆమెకు గర్వం మరొకటుంది. రెండాకుల మీద ఉన్న మొలకను చూసి అదేమిటో చెప్పేస్తుంది. బీట్‌రూట్ మొలకా, పిచ్చి తోటకూర మొలకా పక్కపక్కనే లేస్తే ఏళ్ళుగా తోటకు వస్తున్న సభ్యులు కూడా తల గోక్కుంటారు, రెండింటికీ కాడ ఎర్రగానే ఉంటుంది మరి. ఆమె మాత్రం నిలబడే చెప్పేస్తుంది. బీట్‌రూట్ ఆకు నిగనిగలాడుతుంది, కొంచెం మందం. తోటకూర ఆకు వెనక్కి తిప్పితే గులాబిరంగు. ఈ సంగతి ఇంట్లో వదినకు చెప్పింది. వదిన శ్రద్ధగా విని, "మరి ఇంట్లో ఉప్పు డబ్బా ఏదో, పంచదార డబ్బా ఏదో ఎప్పుడు తెలుస్తుందమ్మా నీకు?" అంది.

తాతయ్య వచ్చే వేళకు ఎండ ఇంకా ముదరలేదు. ఆయనకు చెప్పులు విప్పడానికి ఒక చోటు, చేతికర్ర ఆనించడానికి ఒక చోటు ఉన్నాయి. పాత ప్యాంటు గుడ్డతో తనే కుట్టుకున్న మోకాలి దిండు మడి పక్కన వేసుకుని, దాని మీద మోకరించి, మడికి దండం పెట్టినంత పని చేసి మొదలెడతాడు. కళ్ళజోడు ఉంది. చొక్కా జేబులో ఉంటుంది. పెట్టుకోమంటే, "సూదిలో దారం ఎక్కించినవాణ్ణి నేను, గడ్డి పీకడానికి కళ్ళజోడేంటి?" అంటాడు. పెట్టుకున్నా పెద్ద లాభం లేదని అక్క ఒకసారి మెల్లగా చెప్పింది. ఒక కంట్లో పొర కమ్మింది, రెండోదాంట్లో వెలుగు మాత్రం తెలుస్తుంది. ఇంట్లో కొడుకూ కోడలూ పనికి వెళితే ఆయనకు మాట్లాడటానికి గోడలే. తోట ఒక్కటే ఆయన చేతులకు పని.

"పిల్లా, ఇలా రా," అని పిలిచాడు.

ఆమె తాడు మెళ్ళో వేసుకుని వచ్చింది. ఆయన ఆమె చేతి తొడుగు పట్టుకుని తడిమి చూశాడు. బొటనవేలి దగ్గర చిరిగింది. అది లాక్కుని, చొక్కా కాలరు వెనక గుచ్చుకున్న సూది తీశాడు. దారం మాత్రం ఆమె చేతే ఎక్కించాడు, ఎండ కంట్లో పడుతోందట. కుట్టడం మొదలెట్టాక మాత్రం చూసే పనే లేదు. కుట్టు వెంట కుట్టు, వేలు వెంట వేలు చకచకా నడిచిపోయాయి.

"తప్పులు అందరూ చేస్తారు," అన్నాడు కుడుతూనే. "నేను మొట్టమొదట కత్తిరించిన కోటుకి రెండూ ఎడమచేతులే. మా గురువు ఆ కోటు గిరాకీకి కనపడకుండా రాత్రికి రాత్రి కొత్తది కుట్టాడు. నన్నొక్క మాట అనలేదు."

"అయ్యో, నిజంగానా తాతయ్యా?"

"అందుకే చెప్తున్నా. నువ్వేం దిగులు పెట్టుకోకు. నేనున్నానుగా వెనకాల."

ఆమె నవ్వింది. ఆయన అంటున్నది క్యారెట్ల సంగతని ఆమెకు తెలుసు. చేరిన వారంలోనే గడ్డి అనుకుని ఒక వరస క్యారెట్ మొలకల్ని మొదలంటా ఊడబీకేసింది. అక్కడ ఉన్నది తాతయ్య ఒక్కడే. ఆమె ఏడుపు మొహం పెడితే, "ఏడవకు, ఏడవకు," అని చెప్పి, అందరితో పిట్టలు తినేశాయని ఆయనే కథ అల్లాడు. ఆ పిట్టలు ఎంత పెద్దవో, ఎన్ని వచ్చాయో కూడా చెప్పాడు. అప్పటినుంచీ ఆయనకు ఆమె మీద ఒక రకమైన హక్కు. ఆమెకూ ఆయన దగ్గర చనువు. తొడుగు వేసుకుని వేళ్ళు ఆడించి చూసుకుంది. చిరుగు ఎక్కడుందో కనపడలేదు.

ఆయన మళ్ళీ మడి మీదకు వంగాడు. ఒక మొలక పట్టుకుని, లాగి, కట్టలో పెట్టాడు. బీట్‌రూట్. ఆ పక్కదీ బీట్‌రూటే. ఆమె కాసేపు చూసి టమాటాల దగ్గరికి వెళ్ళిపోయింది.

*

శుక్రవారం టీచరమ్మ వచ్చింది. స్కూల్లో లెక్కలు చెబుతుంది, తోట కమిటీకి సెక్రటరీ. మంచి మనిషే. కాకపోతే ఎవరితో మాట్లాడినా చేతిలో చాక్‌పీసు ఉన్నట్టే ఉంటుంది. నారు షెడ్డులోకి వచ్చి, ట్రేలన్నీ చూసి, "బాగున్నాయి," అంది. ఆమె నోట ఆ మాట రావడం పరీక్షలో నూటికి నూరు వచ్చినట్టే. కొత్తమ్మాయి మొహం చేటంత అయింది.

"షెడ్డు నీకివ్వడానికి నాకు అభ్యంతరం లేదు," అంది టీచరమ్మ. "కానీ ముందు ఆ బీట్‌రూట్ సంగతి తేలాలి. మూడోసారి ఆ మడి పాడవడం. జనం నన్నడుగుతున్నారు. మాకు బుట్టలో ఆకులే వస్తున్నాయి, దుంపలేవీ అని."

కొత్తమ్మాయి ట్రేలో లేని గడ్డిపరక ఏరుతున్నట్టు తల వంచుకుంది.

"పెద్దాయనేనని నాకూ తెలుసు. మీ అక్క నోరు విప్పదు, జాలి. నాకు మాత్రం జాలి లేదా చెప్పు? ఆయన్ని రావొద్దనడం లేదు. గేటు దగ్గర కుర్చీ వేయిద్దాం. వచ్చినవాళ్ళని పలకరిస్తూ కూర్చుంటారు, ఆయన బుట్ట ఆయనకి ఇంటికి పంపిద్దాం. మడిలోకి మాత్రం వద్దు. ఇందులో తప్పేముంది?"

"తప్పేం లేదండీ."

"ఆయన వెనకాల సాయంత్రాలు నాటుతున్నది నువ్వేగా. ఆదివారం మీటింగులో లేచి, జరిగింది జరిగినట్టు చెప్పు చాలు. మిగతాది నేను చూసుకుంటాను. నీ కష్టం కూడా నలుగురికీ తెలుస్తుంది."

కొత్తమ్మాయి సరేనంది. అన్నాక మనసు తేలికపడింది కూడా. నిజమే చెప్పబోతోంది కదా, చాడీ కాదు కదా. ఆయనకు మాత్రం ఏం నష్టం? కుర్చీలో నీడపట్టున కూర్చుంటాడు. ఇంటికెళ్ళి అన్నం తింటూ ఈ సంగతి వదినతో చెప్పింది. అన్నయ్య ఆమె కంచం వైపు చూసి, "షెడ్డు ఇస్తారో లేదో గానీ, దీని తిండికి ఆ తోట మొత్తం రాసిచ్చినా చాలదు," అన్నాడు. వదిన మాత్రం నవ్వలేదు.

"కుర్చీలో కూర్చోమంటే ఆయన కూర్చుంటాడా?" అంది.

"కూర్చోకేం చేస్తాడు?"

"మా నాన్న షాపు మూసేశాక అందరం అదే అన్నాం. హాయిగా కూర్చోమని." వదిన అంతవరకే చెప్పి, ఆమె కంచంలో ఇంకొంచెం కూర వేసింది.

*

శనివారం బుట్టల రోజు. తెల్లారేసరికి కోత మొదలవ్వాలి. కొత్తమ్మాయి అందరికంటే ముందు వచ్చి గేటు గొళ్ళెం తీయబోతే అది తీసే ఉంది. మంచుకి తడిసిన దారి మీద చేతికర్ర గుర్తులు వరసగా ఉన్నాయి. బీట్‌రూట్ మడి దగ్గర తాతయ్య దిండు మీద మోకరించి ఉన్నాడు. కలుపు తీయడం లేదు. అరచెయ్యి మట్టి మీద ఆనించి, బట్ట నేత చూస్తున్నట్టు మెల్లగా నిమురుతూ పోతున్నాడు. ఒకచోట ఆగి వేలితో గుచ్చి చూశాడు. పక్కనున్న బొత్తాల డబ్బాలోంచి ఏదో తీసి ఆ గుంటలో వేసి, మట్టి కప్పి, మళ్ళీ నిమురుతూ ముందుకు కదిలాడు.

ఆమె దగ్గరికి వెళ్ళి చూసింది. డబ్బాలో బీట్‌రూట్ విత్తనాలు.

ఒకటి నాటితే నాలుగు ఎందుకు లేస్తున్నాయో అప్పుడు తెలిసింది. బీట్‌రూట్ విత్తనం ఒక్కటేసినా రెండు మూడు మొలకలొస్తాయి. ఈయన ఒక్కో గుంటలో చిటికెడు వేస్తున్నాడు. అదీ సరిగ్గా ఆమె నిన్న సాయంత్రం నాటిన చోటల్లా, ఆమె నిలబెట్టిన మొలక పక్కనే.

"తాతయ్యా!"

ఆయన ఉలిక్కిపడి డబ్బా మూత పెట్టేశాడు. దొరికిపోయిన దొంగలా అటూ ఇటూ చూశాడు. కనపడింది మాత్రం ఏమీ లేదు పాపం.

"ఇంత పొద్దున్నే వచ్చావేంటి?" అన్నాడు.

"మీరేం చేస్తున్నారు?"

"ఏం లేదు. నువ్వేం చూళ్ళేదు, నేనేం చెయ్యలేదు. సరేనా?"

అంటే ఈయనకు తెలుసన్నమాట. తన చేతులు మొలకల్ని పీకేస్తున్నాయని తెలిసి, ఎవరూ చూడకముందే చీకటితో లేచి వచ్చి, ఖాళీలు పూడుస్తున్నాడన్నమాట. తన తప్పు తనే దిద్దుకుంటున్న ఈ మనిషిని రేపు నలుగురిలో నిలబెట్టి తను చెప్పబోతున్నది గుర్తొచ్చి సిగ్గేసింది. చెయ్యి పట్టుకుని లేపింది. ఆయన లేచి, మోకాళ్ళు దులుపుకుని, "అక్కకి చెప్పకు," అన్నాడు.

"చెప్పను."

ఆ రోజంతా ఆమె మనసు పనిలో లేదు. క్యాబేజీ ఒకరికి రెండు వేసింది, మరొకరికి అసలు వేయలేదు. బుట్టల కోసం వచ్చిన బేకరీ ఆయన, "ఏంటమ్మాయ్, నిద్రలో నడుస్తున్నావా?" అని తన క్యాబేజీ తనే ఎత్తుకున్నాడు. టీచరమ్మ కూడా వచ్చింది. వెళుతూ వెళుతూ, "రేపు," అని వేలు చూపించింది.

*

మీటింగు పనిముట్ల షెడ్డులో. కుర్చీలు చాలక సగం మంది బోర్లించిన క్రేట్ల మీద కూర్చున్నారు. తాతయ్య ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి కొత్తమ్మాయి పక్కనే కూర్చున్నాడు. పైపులు, ఎరువు, పిల్లల అల్లరి అన్నీ అయ్యాక టీచరమ్మ లేచింది. బీట్‌రూట్ మడిలో మొలకల్ని ఎవరో పీకేస్తున్నారని, ఇలాగైతే ఈ సీజన్ కూడా దుంపలు ఉండవని, దీనికి ఏదో ఒక దారి చూడాలని చెప్పింది. ఎవరి పేరూ అనలేదు. కొందరు నేల చూశారు, కొందరు పక్కవాళ్ళ చెవులు కొరికారు.

"ఆ మడి దగ్గర రోజూ సాయంత్రం ఉండేది కొత్తమ్మాయి," అంది టీచరమ్మ. "కొత్తమ్మాయీ, లేచి నిలబడు. జరిగింది జరిగినట్టు చెప్పు."

ఆమె లేచింది. ఏమీ తెలియదని చెప్పేస్తే సరిపోతుందా అనుకుంటూ ఉండగానే పక్కన చేతికర్ర టకటకమంది. తాతయ్య లేచి నిలబడ్డాడు.

"ఆగండి," అన్నాడు. "చిన్నపిల్లని అలా నిలబెట్టి అడగడమేంటి, స్కూలా ఇది? పీకింది నేను."

టీచరమ్మ కూడా ఈ మాట వస్తుందనుకోలేదు.

"మీరా అండీ?"

"నేనే. కళ్ళు సరిగ్గా ఆనడం లేదు. ఏది మొక్కో ఏది కలుపో తెలియక పీకేశాను. ఆ పిల్లకేం సంబంధం లేదు."

జీవితంలో ఎన్నడూ కళ్ళు ఆనడం లేదని ఒప్పుకోని మనిషి. కొత్తమ్మాయికి కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి. ఆయన కూర్చుంటూ ఆమె చున్నీ అంచు పట్టుకుని కిందికి లాగాడు. చెవి దగ్గర మొహం పెట్టి గుసగుసగా, "కూర్చో, కూర్చో. ఇక నోరు తెరవకు. నీ పేరు రానిస్తానా?" అన్నాడు.

"నా పేరా?"

"క్యారెట్లప్పుడే అనుకున్నా, నీకు మొలకలు తెలియడానికి టైం పడుతుందని. రోజూ సాయంత్రం ఒక్కదానివే కూర్చుని పీకుతావు. పొద్దున్నే వచ్చి వేలు పెడితే నాకు తెలియదా? ఎక్కడ పీకావో అక్కడ మట్టి గుల్లగా ఉంటుంది. అక్కడల్లా నేను మళ్ళీ గింజలు వేస్తూనే ఉన్నా. నారు షెడ్డంటే నీకెంత ఆశో నాకు తెలుసు. ఒక్క అబద్ధం ఆడితే పోయేదేముంది, పెద్దవాణ్ణి, నన్నెవరేమంటారు?"

ఆయన తన తప్పు తెలిసి పూడ్చుకోవడం లేదు. ఆమె తప్పనుకుని, ఆమె కోసం పూడుస్తున్నాడు. ఆమె అదిమి నాటిన మట్టిని వేలితో గుచ్చి, ఇక్కడ పీకింది పిచ్చిపిల్ల అనుకుని, చీకట్లో లేచి వచ్చి విత్తనం వేశాడు. ఇప్పుడు అబద్ధమనుకుంటూ నిజం చెప్పి కూర్చున్నాడు.

అటు టీచరమ్మ గొంతు మెత్తబడింది. పెద్దాయనే పెద్దమనసుతో ఒప్పుకున్నారని, ఆయన మీద ఎవరికీ కోపం లేదని, ఇకనుంచి మడి పనులు పెట్టుకోకుండా గేటు దగ్గర కుర్చీలో కూర్చుని అందరినీ పలకరిస్తే బాగుంటుందని అంది. అందరూ తలలూపారు. మేనేజరక్క ఒక్కతే తలుపు దగ్గర నిలబడి గోడకేసి చూస్తోంది.

తాతయ్య ఇది అనుకోలేదు. అబద్ధానికి ఇంత శిక్ష పడుతుందని ఆయనకు తెలియదు. చొక్కా అంచు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టుకుని నలిపాడు, వదిలాడు, మళ్ళీ నలిపాడు. ఒకసారి నోరు తెరవబోయి, పక్కనున్న పిల్ల వైపు మొహం తిప్పి, మూసేశాడు.

"అలాగే," అన్నాడు. "గేటు దగ్గర గాలి బాగా వస్తుంది."

కొత్తమ్మాయి లేచి నిలబడింది. ఈసారి ఎవరూ లేపలేదు.

"టీచరుగారూ, తాతయ్య నా కోసం చెబుతున్నారు. పీకింది నేను."

"నువ్వా?" టీచరమ్మ కళ్ళజోడు తీసి పట్టుకుంది. "శుక్రవారం నువ్వు నాతో..."

"నేనేనండీ." ఆమె అందరి వైపూ తిరిగింది. "రెండాకుల మీద ఉన్నప్పుడు ఏది బీట్‌రూటో ఏది తోటకూరో నాకు తెలియదు. ఇంతవరకూ రాలేదు. తాతయ్యే నా వెనకాల మళ్ళీ విత్తనాలు వేస్తున్నారు. కావాలంటే ఆయన బొత్తాల డబ్బా చూడండి."

ఆ మాట అంటుంటే ఆమెకు ఎంత కష్టంగా ఉందో అక్కకు తెలుసు, వదిన అక్కడ ఉంటే ఆమెకూ తెలిసేది. లోకంలో ఆమెకు వచ్చునని గట్టిగా చెప్పుకోగలిగింది అదొక్కటే. నలుగురి ముందూ అదే రాదని చెప్పింది. బేకరీ ఆయన నాలుక చప్పరించాడు. వెనకనుంచి ఎవరో, "మరి ఇన్నాళ్ళూ ఏం ట్రైనింగ్ అయినట్టు?" అన్నారు.

టీచరమ్మ ఆమెను చూసింది. తర్వాత తాతయ్యను చూసింది. ఆయన తల అడ్డంగా ఊపుతూ, "పిచ్చిమొహం, చెప్పొద్దన్నానా," అని పైకే గొణుక్కుంటున్నాడు. తలుపు దగ్గర అక్క దగ్గింది. టీచరమ్మ లెక్కల మనిషే గానీ, లెక్కలతో తేలనివి కూడా ఉంటాయని తెలియని మనిషి కాదు. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకోవడానికి చాలాసేపు తీసుకుంది.

"అలాగైతే షెడ్డు ఇప్పుడే ఇవ్వడం కుదరదు," అంది చివరికి.

"వద్దండీ. ఇంకో సీజన్ ట్రైనీగానే ఉంటాను. కానీ తాతయ్య గేటు దగ్గర కూర్చుంటే నాకు నేర్పేదెవరు? ఆయన పక్కన కూర్చుని చేస్తాను. ఒక్క మొలక పీకాలన్నా ఇద్దరం చూసి, ఇద్దరం అవునంటేనే పీకుతాం. నేను ఒక్కదాన్నే పీకను." కాస్త ఆగి అంది. "ఆయన కూడా నేను లేకుండా పీకకూడదు. నేను చూడకపోతే నాకెలా వస్తుంది?"

"అదీ నిజమే," అన్నాడు తాతయ్య అందరికంటే ముందు.

*

సోమవారం పొద్దున ఆయన గోనెపట్టా ఒకటి అదనంగా తెచ్చి ఆమె కోసం పరిచాడు. ఇంకా కోపం తగ్గలేదు.

"చేతికొచ్చిన షెడ్డు పోగొట్టుకున్నావు. నేను చెప్పిందానికి ఊఁ కొట్టి ఊరుకుంటే నీ సొమ్మేం పోయింది?"

"మీరు లేకుండా షెడ్డులో ఒక్కదాన్నే ఏం చేయను తాతయ్యా?"

"కబుర్లు మాత్రం బాగా నేర్చావు," అని మడి మీదకు వంగాడు. ఒక మొలక పట్టుకుని, "ఇదిగో, ఇదేంటి?" అన్నాడు. బీట్‌రూట్.

ఆమె మొహం దగ్గరపెట్టి చూస్తున్నట్టు చూసింది. "తెలియడం లేదు తాతయ్యా. ఆకు కాస్త మందంగా ఉన్నట్టుంది. నాకే అలా అనిపిస్తోందా? మీరొకసారి చూడండి."

"కలుపులే, లాగేయ్," అనబోయి ఆయన ఆగాడు. ఆకును రెండు వేళ్ళ మధ్య పెట్టి నిమిరాడు. పక్కదాన్ని నిమిరాడు. అది పిచ్చి తోటకూర. మళ్ళీ మొదటిదాని దగ్గరికి వచ్చాడు. పట్టాల మీద రైలు వచ్చి మొత్తం వెళ్ళిపోయేదాకా ఆయన వేళ్ళు ఆ రెండు ఆకుల మధ్యే తిరుగుతున్నాయి.

"ఒకటి పాప్లిన్, ఒకటి పల్చటి మల్లు గుడ్డ," అన్నాడు నెమ్మదిగా. "ఈ మందంగా ఉన్నది ఉంచాలి."

"అవునా?"

"పరీక్ష పెట్టాను నీకు. పట్టేశావు." ఆ తోటకూర మొలక ఆమె చేతికి అందించాడు. "ఇది పీకు."

ఆమె పీకింది. ఆయన మరోటి వెతికాడు. పని నత్తనడక నడిచింది. ఎండెక్కేసరికి ఒక వరస కూడా పూర్తి కాలేదు. కానీ గట్టు మీద పేర్చిన కట్టలో ఒక్క బీట్‌రూట్ మొలక లేదు. సాయంత్రం మళ్ళీ నాటాల్సింది ఏమీ లేదని ఆమెకు తట్టింది. అది తట్టినా ఎందుకో ఆ సాయంత్రం కోసం తొందర కలగలేదు. మోకాళ్ళు నొప్పెడుతున్నాయి, వీపు కాలుతోంది, ఆమెకు మాత్రం చాలా సంతోషంగా ఉంది.

స్కూలుకు వెళుతూ టీచరమ్మ కంచె దగ్గర ఆగింది. కాసేపు ఇద్దరినీ చూసి, "ఎలా నేర్చుకుంటోందండీ మీ స్టూడెంటు?" అని కేకేసింది.

తాతయ్య మట్టి చేతులే నడుం మీద పెట్టుకుని నిటారుగా లేచాడు.

"ఫరవాలేదు," అన్నాడు. "నేను పక్కనుంటే తప్పు చెయ్యదు."

"నిజమేనండీ," అంది కొత్తమ్మాయి.